రాత్రి తొమ్మిది తర్వాత మోగే ఫోన్: కాలిఫోర్నియా మొబైల్ నోటరీకి వేళ దాటిన పిలుపుల లెక్క

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. గిన్నెలు సర్దేసి, పొద్దున్న పిల్లల డబ్బాల్లోకి ఏం పెట్టాలా అని ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడతాను. సరిగ్గా అప్పుడే వాట్సాప్ మోగుతుంది. "అక్కా నమస్తే, మీ నంబర్ గుడిలో ఒకరిచ్చారు. జీపీఏ ఒకటుంది. ఇప్పుడే కావాలి, చాలా అర్జెంటు. పది నిమిషాల పనే." జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున పనులు చూడమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం.

నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. మొబైల్ నోటరీని, అంటే వాళ్ళున్న చోటికే వెళ్ళి, సంతకం పెట్టేది ఎవరో చూసి ధ్రువీకరించడం నా పని. కాలిఫోర్నియాలో నోటరీ కమిషన్, అంటే నోటరీగా పనిచేసే అనుమతి, నాలుగేళ్ళకోసారి తీసుకోవాలి, నాది రెండోది నడుస్తోంది. మొదటి ఏడాది ఇలాంటి మెసేజ్ వస్తే చాలు, కారు తాళాలు తీసుకుని పరిగెత్తేదాన్ని. సగం సార్లు ఉత్త చేతులతో వచ్చేదాన్ని. మిగతా సగంలో పని అయ్యేది కానీ, ఆ కాగితం మర్నాటి దాకా కదిలేది కాదు. ఇది కొత్తగా కమిషన్ తీసుకున్న తెలుగువాళ్ళ కోసం, అందులోనూ ఇంట్లో పిల్లలున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. రూల్స్ అన్నీ కాలిఫోర్నియావి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే మీ రాష్ట్రం హ్యాండ్‌బుక్ చూసుకోండి.

అసలు ఇవి రాత్రే ఎందుకొస్తాయి

ఇక్కడ గడియారం ముందుకు జరిపిన నెలల్లో మనకూ ఇండియాకూ తేడా పన్నెండున్నర గంటలు. వెనక్కి జరిపాక పదమూడున్నర. అంటే ఊళ్ళో సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు పదిన్నరకు తెరిస్తే, ఇక్కడ వేసవిలో రాత్రి పది, చలికాలంలో తొమ్మిది. అక్కడ కొనేవాళ్ళు వచ్చి కూర్చుంటారు. దస్తావేజులు రాసేవాడు "అమెరికా వాళ్ళ పవర్ ఏదీ?" అంటాడు. బావమరిది ఇక్కడికి ఫోన్ చేస్తాడు. మొగుడూ పెళ్ళాం ఓ పావుగంట ఒకరినొకరు అనుకుంటారు. ఆ తర్వాత ఫోన్ నాకు.

ఆదివారం రాత్రి అంటే అక్కడ సోమవారం ఉదయం, అందుకే అన్నిటికంటే ఎక్కువ పిలుపులు ఆ రాత్రే. శనివారం రాత్రి అక్కడ ఆదివారం కాబట్టి మనకి నిద్ర దొరుకుతుంది. ఇది అర్థమయ్యాక నాకు చిరాకు సగం తగ్గింది. వాళ్ళేం కావాలని రాత్రి పూట చేయట్లేదు, అక్కడి ఆఫీసు వేళకి ఇక్కడ పరిగెడుతున్నారంతే.

1. మొదట ఒకటే ప్రశ్న

"ఈ కాగితం నా చేతిలోంచి వెళ్ళాక ముందు ఎవరి చేతికి వెళ్తుందండీ? వాళ్ళు ఎప్పుడు తెరుస్తారు?"

ఐడీ గురించి, ఊరి గురించి, డబ్బు గురించి అడిగే ముందు ఇది అడగండి. మామూలు జీపీఏ సంగతే తీసుకోండి. నోటరీ అయ్యాక చాలామంది అపోస్టిల్‌కి, అంటే కాగితం వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ప్రభుత్వ ధ్రువీకరణకి, పంపుతారు. ఇండియా 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. మన సంతకం నిజమైనదేనని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ధ్రువీకరిస్తుంది. ఆ ఆఫీసు శాక్రమెంటోలో ఒకటి, లాస్ ఏంజెలెస్‌లో ఒకటి. కాగితానికి 20 డాలర్లు, కౌంటర్ దగ్గర స్వయంగా ఇస్తే ఒక్కో అధికారి సంతకానికి మరో 6. రెండూ పనిరోజుల్లో పగలే పనిచేస్తాయి. ఆ తర్వాత కొరియర్, ఆ కొరియర్ ఇండియా చేరేసరికి ఇంకొన్ని రోజులు.

ఇప్పుడు లెక్క చూడండి. రాత్రి పదకొండుకి సంతకం పెట్టించిన జీపీఏ తెల్లారేదాకా వాళ్ళ డైనింగ్ టేబుల్ మీదే పడుకుంటుంది. ఉదయం ఏడింటికి సంతకం పెట్టించినా అదే కొరియర్ వ్యాన్ ఎక్కుతుంది. ఈ మాట తర్కంలా చెబితే ఎవరికీ నచ్చదు. నేనిలా అంటాను: "రేపు ఉదయం ఏడింటికి, మీరు ఆఫీసుకి బయల్దేరే ముందే మీ ఇంటికొస్తాను. పగటి రేటే తీసుకుంటాను. మీ కొరియర్ ఒక్క గంట కూడా ఆలస్యం కాదు." నాకు వచ్చే "అర్జెంటు"ల్లో సగానికి పైగా ఇక్కడే తెల్లవారుజాము అపాయింట్‌మెంట్లు అయిపోతాయి.

మరి నిజంగా ఆగలేనివి? కొన్ని ఉన్నాయి. అమ్మమ్మా తాతయ్యా మనవణ్ణి తీసుకుని రేపు పొద్దున్నే శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కుతున్నారు, తల్లిదండ్రుల అనుమతి లేఖ నోటరీ కావాలి. పసిబిడ్డ పాస్‌పోర్టు అపాయింట్‌మెంటు రేపు, నాన్న ఈ రాత్రి విమానానికి వెళ్ళిపోతున్నాడు, డీఎస్-3053 అనే తండ్రి అనుమతి ఫారం మీద ఆయన సంతకం ఇప్పుడే పడాలి. రేపు ఉదయం ఆపరేషన్, తనకి వైద్యం ఎలా జరగాలో ముందే రాసిపెట్టే హెల్త్ కేర్ డైరెక్టివ్ మీద ఈ రాత్రే సంతకం పెడతానంటున్నారు. తండ్రి పోయాడని కబురొచ్చి అన్నయ్య తెల్లారేసరికి బయల్దేరుతున్నాడు, తమ్ముడి కాగితం ఆయన చేతికే ఇచ్చి పంపాలి. వీటికి నేను వెళ్తాను, ఎంత రాత్రయినా.

ఇంకో రకం ఉంది, అది మనవాళ్ళకే ప్రత్యేకం. "రేపు అమావాస్య అక్కా, ఈ రాత్రే అయిపోవాలి." అమావాస్య ఇక్కడి లెక్కనా, అక్కడి లెక్కనా అని ఒకసారి అడిగాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత పంతులుగారికి ఫోన్ చేసి మళ్ళీ చేస్తామన్నారు. నమ్మకాన్ని వెక్కిరించకండి. వెళ్ళగలిగితే రాత్రి రేటు చెప్పి వెళ్ళండి, లేకపోతే లేదు.

2. వేళలూ రేట్లూ ఫోన్ మోగకముందే రాసి పెట్టుకోండి

కాలిఫోర్నియాలో సంతకం తనదేనని మన ఎదుట ఒప్పుకునే అక్నాలెడ్జ్‌మెంట్‌కైనా, ప్రమాణం చేయించే జురాట్‌కైనా నోటరీ ఫీజు సంతకానికి గరిష్ఠంగా 15 డాలర్లు. అర్ధరాత్రయినా అంతే, పండగైనా అంతే. "రాత్రి కదా, సంతకానికి 40" అంటే చట్టం దాటినట్టే. మీ శ్రమకీ పెట్రోలుకీ నిద్రకీ విలువ కట్టాల్సింది ప్రయాణ ఖర్చులో. అది వేరే పద్దు, వేరే లైన్లో రాయాలి, బయల్దేరకముందే ఒప్పుకోవాలి.

నా పద్దు ఇది. పది మైళ్ళలోపు, రాత్రి ఎనిమిది లోపు అయితే ప్రయాణానికి 40 డాలర్లు. ఎనిమిది నుంచి పదిన్నర దాకా 75. ఆ తర్వాత ఆసుపత్రికీ విమానం ఎక్కేవాళ్ళకీ మాత్రమే, 125. డంబార్టన్ వంతెన దాటితే టోల్ అదనం. మీ ఊరూ మీ కారూ చూసుకుని మీ అంకెలు మీరు వేసుకోండి. భార్యాభర్తలిద్దరూ రాత్రి తొమ్మిదికి ఒక జీపీఏ మీద సంతకం పెడితే నోటరీ ఫీజు 30, ప్రయాణం 75, మొత్తం 105. ఆ జీపీఏ పద్నాలుగు పేజీలున్నా ఫీజు పేజీలకి కాదు, అక్నాలెడ్జ్ చేసిన సంతకాలకే.

ప్రయాణ ఖర్చు జెల్ (Zelle) యాప్‌లో ముందే తీసుకుంటాను. నోటరీ ఫీజు పని అయ్యాకే. ముందుగా ఒక మెసేజ్ పెట్టి "ఓకే" అనిపించుకుంటాను: "నేను వచ్చాక ఐడీ లేకపోయినా, సంతకం పెట్టేవారు సిద్ధంగా లేకపోయినా నోటరీ చేయలేను, ప్రయాణ ఖర్చు తిరిగి రాదు." ఈ ఒక్క వాక్యం రాయడానికి మొహమాటపడిన ప్రతిసారీ నష్టపోయాను.

రేట్లు పెట్టుకున్నాక అందరికీ అవే. అడిగినప్పుడు చట్టబద్ధమైన పని చేయడం నోటరీ విధి అని కాలిఫోర్నియా చట్టంలోనే ఉంది. అందుకని వేళని బట్టి కాదనండి, మనిషిని బట్టి కాదు.

3. ఫోన్‌కి కాపలా

వ్యాపారానికి వేరే నంబర్ తీసుకోండి. గూగుల్ వాయిస్ సరిపోతుంది, వాట్సాప్ బిజినెస్ కూడా ఒకటి పెట్టుకోండి. రాత్రి ఎనిమిదికి ఫోకస్ మోడ్ తానే ఆన్ అయ్యేలా పెట్టండి. ఐఫోన్‌లో ఒకే నంబర్ నుంచి మూడు నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే వీలుంది, దాన్ని వదలకండి. నా రాత్రి మెసేజ్:

"నమస్కారమండీ. రాత్రి 8 తర్వాత వచ్చే మెసేజ్‌లు ఉదయం 6:30కి చూస్తాను. ఆసుపత్రి పని గానీ, తెల్లారేసరికి విమానం గానీ ఉంటే వెంటవెంటనే రెండుసార్లు కాల్ చేయండి. మిగతా వాటికి నాలుగు సంగతులు పంపండి: కాగితం పేరు, సంతకం పెట్టేవాళ్ళు ఎందరు, ఏ ఊరు, వాళ్ళ దగ్గర ఏ ఐడీ ఉంది."

రెండుసార్లు చేయాలంటే మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. చాలామంది ఆ నాలుగు సంగతులూ పంపి పడుకుంటారు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, చాలామందికి తెలియదు. లాయరు కాని నోటరీ ఇంగ్లీషు కాని భాషలో ప్రకటన రాస్తే, దాని పక్కనే ఆ భాషలోనూ ఇంగ్లీషులోనూ ఒక హెచ్చరిక ఉండాలి: "నేను లాయర్ని కాను, అందువల్ల ఇమ్మిగ్రేషన్ గురించి గానీ మరే చట్టపరమైన విషయం గురించి గానీ సలహా ఇవ్వలేను." చట్టం పెట్టిన ఫీజులు కూడా రాయాలి. మీ వాట్సాప్ ప్రొఫైల్‌లో "తెలుగు నోటరీ, ఇంటికే వస్తాం" అని తెలుగులో పెట్టుకున్నారా? గుడి నోటీసు బోర్డు మీద తెలుగు కాగితం అంటించారా? అయితే ఈ హెచ్చరిక కూడా అక్కడే పెట్టండి. ఇది తప్పితే కమిషన్‌కే ఎసరు.

4. బయల్దేరే ముందు ఐదు నిమిషాలు

నా మొదటి ఏడాది వృథా ప్రయాణాలన్నీ ఈ ఐదు నిమిషాలు మిగుల్చుకోబోయి చేసినవే. తొందరలో ఉన్న మనిషి అన్నిటికీ "ఉందండీ, ఉందండీ" అంటాడు. అందుకే అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలు వేయకండి. చదివి వినిపించమనండి.

సంతకం పెట్టేవారితోనే మాట్లాడండి. ఫోన్ చేసింది అల్లుడు, సంతకం పెట్టాల్సింది మామగారు. "ఆయనకి ఒక్కసారి ఫోన్ ఇస్తారా?" అనాలి. కాలిఫోర్నియాలో నోటరీ సంతకం చేసేవారితో నేరుగా మాట్లాడగలగాలి, మధ్యలో దుబాసీ పనికిరాడు. ఇంగ్లీషు రాని మన పెద్దవాళ్ళ కాగితాలు వేరే నోటరీలు చేయలేకపోయేది ఇందుకే, మన ఫోన్ మోగేదీ ఇందుకే. "బాబాయిగారూ, ఈ కాగితం దేని గురించో మీకు తెలుసా? మీ ఇష్టంతోనే పెడుతున్నారా?" అని తెలుగులో అడిగితే, ఆయన గొంతులోనే చాలా తెలుస్తుంది. ఒకసారి "ఏమోనమ్మా, అల్లుడు పెట్టమన్నాడు" అన్నారు. వెళ్ళలేదు. కాగితం తెలుగులో ఉన్నా ఫర్వాలేదు, మనం వేసే సర్టిఫికెట్ మాత్రం ఇంగ్లీషులో ఉండాలి.

ఐడీ మీద పేరూ గడువు తేదీ చదివించండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నమ్మకంగా ఆధార్ చూపిస్తారు. ఇక్కడి చట్టం జాబితాలో ఆధార్ లేదు, పాన్ లేదు, కంపెనీ బ్యాడ్జ్ అంతకంటే లేదు. గడువున్న ఇండియన్ పాస్‌పోర్టు పనికొస్తుంది, 2017 నుంచి దాని మీద ఇక్కడి ఇమ్మిగ్రేషన్ ముద్ర కూడా అక్కర్లేదు. కాలిఫోర్నియా డ్రైవింగ్ లైసెన్స్ గడువు దాటినా, ఇచ్చి ఐదేళ్ళు కాకపోతే చెల్లుతుంది. ఏ ఐడీ లేకపోతే, తేలిగ్గా తెచ్చుకోలేకపోతే, ఆయన్ని బాగా ఎరిగిన ఇద్దరు సాక్షులు తమ ఐడీలతో వచ్చి ప్రమాణం చేయాలి. వాళ్ళకి ఆ వ్యవహారంలో డబ్బు లాభం ఉండకూడదు, కాగితంలో వాళ్ళ పేరు ఉండకూడదు. రాత్రి పదింటికి అలాంటి ఇద్దరు దొరుకుతారా అన్నది వాళ్ళు తేల్చుకోవాలి. ఐడీ ఫోటో వాట్సాప్‌లో పంపమని మాత్రం నేను అడగను. నా ఫోన్‌లో ఊరందరి పాస్‌పోర్టులూ ఎందుకు?

పేరు దగ్గర మన తెలుగువాళ్ళ బాధ వేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసా మీద పేరు ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడినవాళ్ళున్నారు. జీపీఏలో ఇంటిపేరు ముందు, లైసెన్స్‌లో వెనక. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి పేరు. కాగితం మీద పేరు ఐడీ చూపించే మనిషిదే అని నాకు రుజువు కావాలి. ఫోన్‌లో అక్షరం అక్షరం చదివించి సరిచూస్తాను. తేడా ఉంటే "మీ లాయర్‌తో డ్రాఫ్ట్ మార్పించండి" అంటాను. ఆ వేళకి అక్కడ పగలే కదా, పావుగంటలో కొత్త పీడీఎఫ్ వస్తుంది.

ఖాళీలు చూడమనండి. ఊరి నుంచి వచ్చే డ్రాఫ్టుల్లో సర్వే నంబరు దగ్గర చుక్కలు, హద్దుల దగ్గర చుక్కలు, డాక్యుమెంటు నంబరు దగ్గర గీత. "అవి అక్కడ నింపుకుంటారండీ" అంటారు. అసంపూర్ణ కాగితాన్ని ఇక్కడ నోటరీ చేయకూడదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చూడమనండి.

ప్రింట్ తీశారా, సాక్షులున్నారా? రాత్రి పదింటికి ప్రింటింగ్ షాపులుండవు. డ్రాఫ్టులో ఇద్దరు సాక్షుల సంతకాలకి చోటుంటే ఆ ఇద్దరినీ వాళ్ళే పిలుచుకోవాలి. నేను సాక్షిగా సంతకం పెట్టను.

ఇంకో రెండు కోరికలు తప్పకుండా వస్తాయి: ప్రతి పేజీ మీదా స్టాంపు వేయండి, ఫోటో మీద సగం పడేలా స్టాంపు వేయండి. నోటరీ ముద్ర సర్టిఫికెట్ మాటలతో కలిసే ఉండాలి. ఉత్తినే పేజీల మీద కొట్టే రబ్బరు స్టాంపు కాదది. ఈ సంగతి ఫోన్‌లోనే చెప్పేయండి. వాళ్ళింట్లో, స్పీకర్‌లో ఇండియా లాయరు అరుస్తుండగా, ఈ వాదన పెట్టుకోవడం కష్టం.

5. రాత్రి అలసటలో నోరు జారే చోట్లు

స్టాంపు పేపరు కావాలా? జీపీఏనా, ఒక్క పనికే ఇచ్చే ఎస్పీఏనా (స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ)? అపోస్టిల్ చేయించాలా, కాన్సులేట్‌కి వెళ్ళాలా? వీటికి జవాబు మీకు తెలిసే ఉంటుంది. విదేశంలో రాసిన దస్తావేజుకి ఇండియాలో అందిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలని 1899 నాటి ఇండియన్ స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ఆ గడువు కాగితం అక్కడ దిగాక మొదలవుతుంది, ఈ రాత్రి సంతకంతో కాదు. ఇది నాకు తెలుసు, అయినా క్లయింటుకి సలహాగా చెప్పను. "మీ లాయర్నో, సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులోనో అడగండి" అంటాను. లైసెన్స్ లేకుండా లాయర్ పని చేయడం ఇక్కడ నేరం. పైగా ఒక్కో ఆఫీసు ఒక్కోలా అడుగుతుంది, రేపు తిరగ్గొడితే మాట మన మీదకే వస్తుంది.

తేదీ విషయంలో తడబడకండి. సర్టిఫికెట్ మీద వేయాల్సింది మనిషి మన ఎదుట హాజరైన తేదీ. పదకొండూ నలభైకి మొదలుపెట్టి పన్నెండూ పదికి ముగిస్తే ఏ సంతకం ఏ రోజుదో గడియారం చూసి రాయాలి. చేసిన ప్రతి నోటరీ రాసుకునే మన జర్నల్‌లో తేదీతో పాటు సమయం కూడా రాస్తాం, అది దాచలేం. "నిన్న దశమి, నిన్నటి తేదీ వేయండి అక్కా" అంటే నవ్వి, కాగితం పైన మీ లాయరు ఏ తేదీ వేసుకున్నా నా సర్టిఫికెట్ మీద ఇవాళ్టిదే పడుతుందని చెప్పండి.

"జూమ్‌లో చేసేయండి" అన్నది మరో మాట. 2023లో కాలిఫోర్నియా ఆన్‌లైన్ నోటరీకి చట్టం చేసింది కానీ, సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఏర్పాట్లు పూర్తయ్యేదాకా ఇక్కడి నోటరీలు చేయడానికి లేదు. దానికి పెట్టిన ఆఖరి గడువు 2030 జనవరి 1. వేరే రాష్ట్రాల ఆన్‌లైన్ నోటరీలున్నారు. ఆ కాగితం అక్కడ చెల్లుతుందో లేదో వాళ్ళ లాయర్నే అడగమనండి.

పాస్‌పోర్టు జిరాక్స్ మీద "ట్రూ కాపీ" కొట్టమని కూడా అడుగుతారు. కాలిఫోర్నియా నోటరీ కాపీలు ధ్రువీకరించగలిగేది పవర్ ఆఫ్ అటార్నీకీ, అడిగితే తన జర్నల్ పద్దుకీ మాత్రమే. పాస్‌పోర్టు సొంతదారే "ఇది నా పాస్‌పోర్టు నకలే" అని రాసి ప్రమాణం చేస్తే, ఆ ప్రమాణానికి జురాట్ వేయొచ్చు.

6. ఆసుపత్రి

రాత్రి పనుల్లో చేతులు వణికేది ఇదొక్కటే. ఒకసారి కొడుకు ఫోన్ చేసి, అమ్మ మెలకువగానే ఉందన్నాడు. అరగంట డ్రైవ్ చేసి వెళ్ళాను. మందు మత్తులో ఆవిడ కళ్ళు తెరవలేదు. పేరు పెట్టి పిలిస్తే మూలిగింది. కొడుకు "చెయ్యి పట్టుకుని పెట్టిస్తాను" అన్నాడు. కుదరదన్నాను. కారిడార్లో అతనేడుస్తుంటే పక్కన కాసేపు కూర్చుని, ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చాను. ప్రయాణ ఖర్చు తిరిగిచ్చేశాను. నా రూల్ నేనే తప్పాను, ఆ ఒక్కసారికి బాధ లేదు.

అప్పట్నుంచి రోగితో ఫోన్‌లో మాట్లాడకుండా బయల్దేరను. ఆ వార్డు నర్సుని మందులు ఎప్పుడిస్తారు, కాస్త తెలివిగా ఉండేది ఏ వేళ అని కుటుంబం చేతే అడిగిస్తాను. చాలాసార్లు జవాబు "రాత్రి కాదు, ఉదయం ఆరింటికి" అని వస్తుంది. ఐడీ గదిలోనే ఉందా, ఇంట్లో బీరువాలో ఉందా అని కూడా అడగండి. హెల్త్ కేర్ డైరెక్టివ్‌కి నోటరీ గానీ, అర్హులైన ఇద్దరు సాక్షులు గానీ, ఏదో ఒకటి చాలు. ఆ సంగతి ఆసుపత్రి సోషల్ వర్కర్‌కి తెలుసు, మీరు రాకుండానే పని జరిగిపోవచ్చు. రోగి స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో ఉంటే అక్కడి రోగుల తరఫున చూసే ఆంబుడ్స్‌మన్ కూడా సాక్షిగా ఉండాలి, రాత్రి పూట ఆ మనిషి దొరకడు.

సంతకం పెట్టలేక వేలిముద్ర వేస్తామనే పెద్దవాళ్ళుంటారు. గుర్తు ద్వారా సంతకమంటే ఇక్కడ ఇద్దరు సాక్షులుండాలి, వారిలో ఒకరు ఆ గుర్తు పక్కన గుర్తు వేసినవారి పేరు రాయాలి. జర్నల్‌లో వేయించే బొటనవేలి ముద్ర వేరే సంగతి, అది పవర్ ఆఫ్ అటార్నీకీ స్థిరాస్తి కాగితాలకీ ఎవరైనా వేయాల్సిందే.

7. వెళ్ళేటప్పుడు

ముద్ర, జర్నల్, వేలిముద్ర ప్యాడ్, విడి సర్టిఫికెట్లు, నీలం, నలుపు పెన్నులు, చిన్న టార్చి. ముద్రా జర్నలూ మీ ఆధీనంలోనే, తాళం కింద ఉండాలి. రాత్రి పాలు కొనడానికి ఆగి సంచి కారు సీట్లో వదిలేయకండి. బే ఏరియాలో కారు అద్దాల సంగతి మీకు చెప్పాలా! పోతే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి వెంటనే సర్టిఫైడ్ మెయిల్‌లో తెలియజేయాలి.

లొకేషన్ మావారికి షేర్ చేసి, ఎన్నింటికి బయటికొస్తానో చెప్పి వెళ్తాను. కొత్తవాళ్ళయితే తొమ్మిది తర్వాత ఇంటికి వెళ్ళను. హోటల్ లాబీ, ఆసుపత్రి కెఫెటేరియా, తెరిచి ఉన్న గ్రోసరీ స్టోర్‌లో కాఫీ బల్ల, ఏదైనా వెలుతురున్న చోటు. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు దీనికి సంజాయిషీ చెప్పుకోవక్కర్లేదు.

ఇంటి లోన్ కాగితాల మీద సంతకాలు పెట్టించే లోన్ సైనింగులు సాయంత్రం ఏడుకీ ఎనిమిదికీ ఉండటం మామూలే, వాటిని వేళ దాటినవిగా లెక్కపెట్టను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆ లోన్ కాగితాలూ డబ్బూ నడిపించే ఎస్క్రో ఆఫీసరు సెల్ నంబర్ సాయంత్రం ఐదు లోపే తీసుకోండి. రాత్రి ఎనిమిదిన్నరకి పేరులో తేడా కనిపిస్తే ఆఫీసు నంబర్ ఎవరూ ఎత్తరు. సొంతిల్లు రీఫైనాన్స్‌లో రద్దు చేసుకునే హక్కు మూడు బిజినెస్ రోజులు. శనివారం లెక్కలోకి వస్తుంది, ఆదివారమూ ఫెడరల్ సెలవులూ రావు. సంతకాలు అర్ధరాత్రి దాటితే ఆ లెక్కంతా ఒక రోజు జరుగుతుంది.

8. "మనవాళ్ళే కదా"

ఇంగ్లీషు గైడ్లలో ఈ అధ్యాయం ఉండదు. పిల్లల కూచిపూడి క్లాసులో కలిసినవాళ్ళు, లివర్‌మోర్ గుడిలో పలకరించినవాళ్ళు, మావారి ఆఫీసువాళ్ళ తోడికోడలు. "అక్కా, మీకెందుకు ఇబ్బంది, మేమే మీ ఇంటికొచ్చేస్తాం" అని రాత్రి పదింటికి నలుగురు వస్తారు. నైటీ మార్చుకోవాలి, టీ పెట్టాలి, పిల్లలు లేస్తారు. పని పది నిమిషాలే, మాటలు గంట.

నేనొక పద్ధతి పెట్టుకున్నాను. బాగా దగ్గరివాళ్ళకి నోటరీ ఫీజు పూర్తిగా మానేస్తాను. వేళ మాత్రం వదలను. "వదినా, మీ దగ్గర డబ్బులు తీసుకోను, కానీ రేపు పొద్దున్న ఏడున్నరకి రండి" అంటే ఎవరూ నొచ్చుకోలేదు. డబ్బు తీసుకుంటానని అర్ధరాత్రి తలుపు తీస్తేనే పేచీ, వాళ్ళకి 15 డాలర్లూ ఎక్కువే అనిపిస్తాయి, నాకు నిద్రా పోతుంది. ఇంటికి ఎవరినీ రానివ్వకపోవడం ఇంకా మంచిది. దగ్గరి లైబ్రరీ పార్కింగ్‌లో కారు బానెట్ మీద చేసిన నోటరీలు నావి చాలా ఉన్నాయి.

వాళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు పెసరట్టు పెడతారు. పని అయ్యాకే తినండి, చేతి నూనె సర్టిఫికెట్ మీద పడుతుంది.

9. తిరిగొచ్చాక

ముద్రా జర్నలూ సొరుగులో పెట్టి తాళం వేయండి. ఆ రాత్రే రెండు గళ్ళలో రాసుకోండి: నోటరీ ఫీజు ఒకటి, ప్రయాణం ఒకటి. నోటరీ ఫీజు మీద ఆదాయపు పన్ను ఉంటుంది కానీ సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను ఉండదు, ప్రయాణపు డబ్బు మీద అదీ ఉంటుంది. కలిపి రాస్తే ఏప్రిల్లో మీరే ఎక్కువ కడతారు. మైళ్ళు కూడా రాయండి, 2025లో పన్ను శాఖ ఐఆర్ఎస్ రేటు మైలుకి 70 సెంట్లు ఉండేది.

చివరగా, ఒక్కరే ఈ పని మోయకండి. ఫ్రీమాంట్, డబ్లిన్, సన్నీవేల్‌లలో నాలాంటివాళ్ళం ముగ్గురం ఒక క్యాలెండర్ పెట్టుకున్నాం. ఆదివారం రాత్రి వంతు ఒక్కోసారి ఒక్కొక్కరిది. వంతు లేనివాళ్ళ ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌కి వంతున్నవాళ్ళ నంబర్ జవాబుగా వెళ్తుంది. మా ముగ్గురి రాత్రి రేట్లు వేరు వేరు, ఎవరి లెక్క వాళ్ళది, ఎవరికి పంపినా కమిషన్ అడగం. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం ప్రకారం ఈ ఆదివారం నాది కాదు.